మా కొండ మీద గాలిమరలు వస్తాయంట, నాన్నని సంతకం పెట్టమంటున్నారు. పెట్టే ముందు ఏం అడగాలి?

పద్మనాభం ఆడపడుచు:

అందరికీ నమస్కారం. నేను విశాఖ గోపాలపట్నంలో ఉంటాను, జాకెట్లు, డ్రెస్సులు కుడతాను. కన్నవారిది పద్మనాభం మండలంలో కొండకింద ఊరు. ఊరి పేరు రాయను. ఇప్పటికే అక్కడ రెండు వీధులవాళ్ళు మాటలు మానేశారు, నా వల్ల ఇంకో గొడవ వద్దు.

కిందటి సంక్రాంతికి వెళ్ళినప్పుడు కొండ కొమ్ము మీద సన్నటి ఇనప స్తంభం కనిపించింది. నాలుగు పక్కలా తీగలు లాగి కట్టారు. సెల్ టవరేమో, ఇకనైనా సిగ్నల్ వస్తుందని సంతోషపడ్డాం. అది గాలి కొలిచేదని తర్వాత తెలిసింది. వేసవిలో కుర్రాళ్ళు వచ్చి డ్రోన్లు ఎగరేశారు, జీడితోటల్లో రాళ్ళకి ఎర్ర రంగు పూసి వెళ్ళారు. దసరా దాటాక ఒక బ్రోకరు ఇల్లిల్లూ తిరగడం మొదలెట్టాడు. కొండ మీదా, కొండ వారనా గాలిమరలు వస్తాయట. మర నిలబెట్టే చోటికీ, దారికీ భూమి లీజుకిస్తే 29 ఏళ్ళపాటు ఏటా డబ్బు వస్తుందట. నలభై సెంట్లకి ఏడాదికి పదివేలు అంటున్నాడు. సంతకం పెట్టిన రోజే ఇరవై వేలు చేతిలో పెడతాడట. కాగితం అంతా ఇంగ్లీషులో ఉంది, ఎనిమిది పేజీలు. "ఊరంతా పెట్టేశారు, మీ ఇల్లొక్కటే మిగిలింది" అన్నాడు నాన్నతో. మా పిన్నికీ అదే మాట చెప్పాడు, ఎదురింటి వాళ్ళకీ అదే.

మాకు అక్కడ ఎకరా ఎనభై సెంట్లుంది. అంతా జీడే. తాత వేసిన చెట్లు కొన్ని, నాన్న వేసినవి కొన్ని. హుద్‌హుద్‌కి సగం కూకటివేళ్ళతో లేచిపోతే, అమ్మా నాన్నా గెడ్డ నుంచి కావిడితో నీళ్ళు మోసి మళ్ళీ పెంచారు. ఏటా ఏప్రిల్‌లో పిక్కలేరడానికి నేను వారం రోజులు కొట్టు మూసుకుని వెళ్తాను. వేళ్ళకి జీడిసొన పట్టి తోలు ఊడుతుంది, అయినా వెళ్తాను. కిందటేడు ఐదు బస్తాలయ్యాయి.

కొండ మాత్రం ఎవరి పట్టాలోనూ లేదు. రికార్డులో పోరంబోకు. కానీ మూడు ఊళ్ళ గొడ్లూ, మేకలూ పొద్దున్నే ఎక్కేది ఆ కొండే. కట్టెలు అక్కణ్ణుంచే, చీపురుపుల్లలు అక్కణ్ణుంచే. సగం ఎత్తులో అమ్మవారి రాయి ఉంది, ఆషాఢంలో అక్కడే కోడిని కోస్తారు. రెండు గుట్టల మధ్యనుంచి గెడ్డ దిగి మా చెరువులోకి వస్తుంది. చెరువు నిండితే మిగిలిన నీరు గోస్తనిలో కలుస్తుంది. మా ఊరి మడిచెక్కలన్నీ ఆ గెడ్డ మీదే బతుకుతున్నాయి.

తమ్ముడు అచ్యుతాపురంలో కాంట్రాక్టు పని చేస్తాడు. పెట్టేద్దాం అక్కా, కూర్చున్న చోటికి డబ్బు వస్తుంది అంటాడు. నాన్న ఒప్పుకోడం లేదు. ఆయన మర గురించి ఒక్క ముక్క మాట్లాడరు. "కొండకి అడ్డంగా రోడ్డు తవ్వితే గెడ్డ ఎటు పోద్దో వాడు చెప్పమను" అంటారు. బ్రోకరు దానికి జవాబు చెప్పలేదు.

నేను గాలి కరెంటు వద్దనే మనిషిని కాను. నా మిషన్ మోటారు కరెంటు మీదే తిరుగుతుంది. బొగ్గు ప్లాంటు బూడిదచెరువు పక్కన బతికే చుట్టాలు నాకున్నారు, వాళ్ళ ఇంట్లో ఆరేసిన బట్టలు ఎలా ఉంటాయో చూశాను. అందుకే తెలిసినవాళ్ళని అడుగుతున్నాను. గాలిమరల పక్కన బతికినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? గ్రామసభలో వద్దంటే ఆగుతుందా? కాగితంలో ఏమేం చూడాలి? దయచేసి తెలిసిందే చెప్పండి.

సీకేపల్లి శీను:

అక్కా, మాది అనంతపురం పక్క, చెన్నేకొత్తపల్లి దగ్గర. జిల్లాలు మార్చినాక శ్రీసత్యసాయి జిల్లా అంటుండారు. తొమ్మిదేండ్లుగా మధురవాడలో ఉండాను. మా కాడ గాలిమరలు చానా ఉండాయి. మా మామ చేను పక్కనే రెండు తిరుగుతుంటాయి. కంపెనీ పేర్లు రాయను.

మీ నాయన అడిగిందే అసలు ప్రశ్న. మరని చూసి అందరూ భయపడతారు గానీ, మాకు దెబ్బ కొట్టింది మర కాదు, రోడ్డు. రెక్క ఒక్కోటి అరవై, డెబ్బై మీటర్ల పొడుగుంటాది. అది మోసే బండి మలుపు తిరగల్లంటే కొండని ఎంత చెక్కాల్నో ఒకసారి ఊహించుకోండి. మన ఎడ్లబాట లాగా కొండ చుట్టూ మెలికలు పెట్టి పోరు. క్రేను నిలబెట్టనీకి గుట్ట నెత్తిన చదును చేస్తారు. తవ్విన మట్టీ రాళ్ళూ పక్కకి తోసేస్తారు. ఆ మట్టి మొదటి వానకే వంకలోకి దిగుతాది. మా వంకలో నాలుగు చోట్ల ఇసక మేట పడె. చెరువులోకి నీళ్ళు ముందు వచ్చినంత రాలేదు, వచ్చినవీ బురదతో వచ్చినాయి.

కల్పవల్లి అని వినింటారా? మా పక్క ఊళ్ళవాళ్ళు 1990ల కాడి నుంచి కాపాడి పెంచుకున్న ఉమ్మడి అడవి అది. వేల ఎకరాలు. ముందు బోడిగుట్టలు. కాపలా కాసి, నిప్పు పడకుండా చూసి, విత్తనాలు చల్లి తెచ్చినారు. టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ వాళ్ళ వెంబడి నిలబడింది. వంకల్లో ఈతచెట్లు లేచె, బోదగడ్డి లేచె, గొర్రెలకి మేత దొరికె. కానీ రెవెన్యూ కాగితాల్లో అదంతా బంజరే. 2010 దాటినాక ఆ గుట్టల మీదికే గాలిమరలు వచ్చినాయి. కాగితంలో ఎందుకూ పనికిరాని నేల కాబట్టి అడ్డం చెప్పేదానికి ఊళ్ళకి పట్టు దొరకలేదు. హరిత ట్రిబ్యునల్ దాకా పోయినారు, అప్పటికే రోడ్లు పడిపోయె.

శబ్దం సంగతి కూడా చెప్తా. పగలు పెద్దగా తెలీదు. రాత్రిపూట ఊరంతా సద్దుమణిగినాక వూఫ్, వూఫ్ అని ఒకే తూగులో వస్తా ఉంటాది. మా మామ అలవాటు పడినాడు, మా అత్త ఇప్పటికీ తలుపు మూసుకొనే పండుకుంటాది. ఇంకోటి, పొద్దున ఎండ మర వెనకాల నుంచి వచ్చే దినాల్లో రెక్క నీడ ఇంటి గోడ మీద కొట్టుకుంటా పోతాది. పిల్లోళ్ళు మొదట్లో ఆడుకునిరి, తర్వాత కండ్లు మూసుకునేవాళ్ళు.

డబ్బు వచ్చింది, అబద్ధం చెప్పను. ఆ డబ్బుతోనే మామ కూతురి పెండ్లి చేసినాడు. ఊర్లో ఇద్దరికి వాచ్‌మన్ పని దొరికింది. అంతకంటే ఉద్యోగాలు రాలే. చేను లేనోళ్ళకి, గొర్రెలోళ్ళకి ఒక్క పైసా లేదు, మేత మాత్రం వాళ్ళదే పోయింది. కొండ వల్ల బతికేది ఒకరు, సంతకం పెట్టేది ఇంకొకరు. ఈ సంగతి మీ ఊర్లో ముందే మాట్లాడుకోండి అక్కా.

లైన్ ఇన్‌స్పెక్టర్ (విశ్రాంత):

అమ్మా, నేను కరెంటు డిపార్టుమెంటులో ముప్ఫై నాలుగేళ్ళు చేశాను, ఎక్కువ భాగం భీమిలి, ఆనందపురం వైపే. మీ కొండలన్నీ నాకు తెలుసు. సాంకేతికంగా నాకు తెలిసినంత చెబుతాను, కాగితం పెట్టుకుని రాసుకోండి.

ఇప్పుడు వచ్చే మరలు పాతకాలంవి కావు. 3 మెగావాట్ల తరగతి మరకి స్తంభమే 120 నుంచి 140 మీటర్లు. రెక్క నిలువుగా లేచినప్పుడు కొన దాదాపు 200 మీటర్లకి వెళ్తుంది. మన కైలాసగిరి ఎత్తు 173 మీటర్లు. అంటే కైలాసగిరి కంటే పొడవైనదాన్ని మీ కొండ నెత్తి మీద నిలబెడతారన్న మాట.

కేంద్ర ప్రభుత్వం 2016లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, శబ్దం బాధ లేకుండా ఏ ఇంటికైనా మర కనీసం 500 మీటర్ల దూరంలో ఉండాలి. రోడ్లు, కరెంటు లైన్లు, ఇతర కట్టడాల నుంచి స్తంభం ఎత్తూ, రెక్కలు తిరిగే చక్రం అడ్డకొలతలో సగమూ, ఇంకో 5 మీటర్లూ కలిపినంత దూరం ఉండాలి. 130 మీటర్ల స్తంభం, 140 మీటర్ల అడ్డకొలత అనుకుంటే 205 మీటర్లు అవుతుంది. మీ ఊళ్ళో చివరి ఇల్లు ఏదో మీరే చూసుకోండి. పెద్దవీధి చివర నుంచి కొలిచి ఊరుకోకండి. కొండ వారన ఉన్న కాలనీ నుంచి, తోటల్లో కాపురం ఉంటున్న పాకల నుంచి కూడా కొలవాలి. రాత్రిపూట నివాస ప్రాంతంలో శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 సంవత్సరపు నిబంధనల్లో ఉంది, పగలు 55. ఇది కాగితంలో రాయించుకోవచ్చు.

ఇక మన విశాఖకి ప్రత్యేకంగా అడగాల్సింది తుఫాను సంగతి. రాయలసీమ వాళ్ళకి ఈ బెంగ లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను. ఇనప టవర్లు మెలి తిరిగి పడిపోవడం కళ్ళారా చూశాను. గాలి గంటకి సుమారు 180 కిలోమీటర్లు. గాలిమర సెకనుకి 25 మీటర్లు, అంటే గంటకి 90 కిలోమీటర్ల గాలి దాటితే తనంతట తనే ఆగిపోతుంది, రెక్కల్ని గాలి పట్టకుండా వాలుగా తిప్పుకుంటుంది. అంతవరకు బాగుంది. కానీ మర తల గాలివైపు తిరగాలంటే దానికి కరెంటు కావాలి. తుఫానులో ముందు పోయేది కరెంటే. అప్పుడు గాలి పక్కనుంచి కొడుతుంది. కాబట్టి విడిగా బ్యాటరీయో, జనరేటరో ఉందా అని అడగండి.

రెండోది, మరలకి తరగతులు ఉంటాయి. అంతర్జాతీయ ప్రమాణంలో ఒకటో తరగతి మర సెకనుకి 70 మీటర్ల ఈదురుని తట్టుకునేలా కడతారు, మూడో తరగతిది 52.5 మీటర్లకే. గాలి తక్కువ వీచే చోట్లకి పెద్ద రెక్కలతో మూడో తరగతివి అమ్ముతారు. మన దగ్గర మామూలు రోజుల్లో గాలి తక్కువ, తుఫాను రోజున మాత్రం విపరీతం. ఇళ్ళు కట్టడానికి వాడే భారతీయ ప్రమాణంలో విశాఖకి వేసిన గాలి లెక్క సెకనుకి 50 మీటర్లు. అదీ నేల నుంచి 10 మీటర్ల ఎత్తులో. 130 మీటర్ల ఎత్తులో, అందులోనూ కొండ కొమ్ము మీద, ఇంకా ఎక్కువే ఉంటుంది. అందుకని "ఏ తరగతి మర?" అని ఒక్క ప్రశ్న వేయండి. జవాబు తెలియని మనిషి మీ దగ్గర సంతకం తీసుకోవడానికి రాకూడదు. 1998 జూన్‌లో గుజరాత్ తీరాన్ని తుఫాను తాకినప్పుడు పోర్‌బందర్ వైపు చాలా మరలు కూలాయి, ఇదేమీ ఊహ కాదు.

మరో విషయం. భోగాపురం ఎయిర్‌పోర్టు మీకు దూరం కాదు, ఇటు నేవీ వాళ్ళ విమాన స్థావరం డేగా ఉంది. అంత ఎత్తు కట్టడానికి విమానయాన అనుమతి తీసుకోవాలి. తీసుకున్నారా, ఎంత ఎత్తుకి తీసుకున్నారు అని అడగండి. అనుమతులు రాకముందే భూములు పోగేసుకుని తర్వాత ఇంకొకరికి అమ్ముకునే వాళ్ళు ఉంటారు. గాలి కొలిచే స్తంభం వచ్చినంత మాత్రాన ప్రాజెక్టు ఖాయమైనట్టు కాదు తల్లీ.

ఇంకా, మరల నుంచి సబ్‌స్టేషన్‌కి 33 కేవీ లైన్లు వెళ్ళాలి. అవి ఎవరి తోటల మీదుగా వెళ్తాయో మ్యాపు చూపించమనండి. లైను కింద జీడిచెట్టు ఎదగనివ్వరు, కొట్టేస్తారు. చాలామంది ఇది మర్చిపోతారు.

భీమిలి కుర్రోడు:

అక్కా, నేను వేరే మాట చెప్తాను, ఏమీ అనుకోవద్దు. మా వైపు కొండల్ని చూడు. గ్రావెల్ కోసం సగానికి కోసేశారు. లేఅవుట్లకి చదును చేసేశారు. ఎర్రగా పుండ్లలాగ ఉన్నాయి. గ్రామసభ పెట్టారా, సంతకం అడిగారా? రాత్రికి రాత్రి టిప్పర్లే. గాలిమర వస్తే కొండ కొండలాగే ఉంటుంది, దాని కింద మేకలు మేస్తాయి, నీకు ఏటా డబ్బొస్తుంది. మరొద్దని పంపేస్తే ఐదేళ్ళలో అదే కొండకి గ్రావెల్‌వాడు వస్తాడు. అప్పుడు అమ్మవారి రాయి కూడా మిగలదు. జీడితోటల్ని నమ్ముకుని మీ తమ్ముడు ఎన్నాళ్ళు బతుకుతాడు? అచ్యుతాపురం కంపెనీల్లో పని ఎలాంటిదో నాకు తెలుసు, నేనూ చేశాను.

పద్మనాభం ఆడపడుచు:

బాబూ, ఏమీ అనుకోను. నువ్వు చెప్పిన గ్రావెల్ సంగతి నిజం, ఆనందపురం దాటి వెళ్తుంటే నాకూ ఏడుపొస్తుంది. తమ్ముడి ఒంటి సంగతి నాకు బెంగే. రాత్రి షిఫ్టు చేసి వచ్చి కళ్ళు ఎర్రగా చేసుకుని కూర్చుంటాడు. వాడు డబ్బు మీద ఆశతో అనడం లేదు, అలిసిపోయి అంటున్నాడు, నాకు తెలుసు.

కానీ కొండ కొండలాగే ఉంటుందన్న మాట దగ్గరే నాకు మనసు ఆగడం లేదు. శీను తమ్ముడు రోడ్డు గురించి రాసింది చదివి నాన్నకి ఫోనులో వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే అడిగారు, "వాళ్ళ చెరువు మళ్ళీ నిండిందా?" అని. శీను, వీలైతే దీనికి జవాబు రాయి. మేకలు మరల కింద మేస్తాయా అన్నది కూడా రాయి. కాపలావాళ్ళు రానిస్తారా?

లైన్ ఇన్‌స్పెక్టర్ గారూ, మీకు చేతులెత్తి దండం. నాన్న వాటిని ఒక్కొక్కటీ రాయించుకున్నారు.

సీకేపల్లి శీను:

మేత మేస్తాయి అక్కా, ఎవరూ కట్టెలు పట్టుకొని తరమరు. కాకపోతే కట్టేటప్పుడు ఏడాదిన్నర పాటు బండ్లు, క్రేన్లు, పేలుళ్ళు. ఆ కాలంలో మందని అటు తోలలేకపోయిరి. కొందరు గొర్రెలు అమ్ముకునిరి, అమ్మినోళ్ళు మళ్ళా కొనలే. చెరువు గురించి నేను మా మామని అడిగినా. పెద్దవానలు పడిన ఏడు నిండిందంట. కానీ పూడిక తీయాల్సి వచ్చింది, ఆ ఖర్చు ఎవురిదీ అని తేలలే. మీరు ముందే అడగండి. రోడ్డు కింద ఎన్ని చోట్ల తూములు పెడతారు, తవ్విన మట్టి యాడ పోస్తారు, పూడిక ఎవరు తీస్తారు. ఇవి రాతలో లేకపోతే తర్వాత ఎవరూ ఫోన్ ఎత్తరు.

కోర్టు గుమస్తా:

అమ్మా, నేను జిల్లా కోర్టులో ఒక వకీలు గారి దగ్గర గుమస్తాని. భూమి కాగితాలు చూడటమే నా పని. మీకు ముందుగా చెప్పాల్సింది ఒకటుంది, అది మీరు అడగలేదు. ఆ జీడితోట మీ తాత నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి అయితే, అందులో మీకూ వాటా ఉంది. మన రాష్ట్రంలో ఆడపిల్లలకి ఈ హక్కు 1986 సవరణ చట్టంతోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో ఇచ్చారు. అంటే నాన్నగారు, తమ్ముడు పెడితే చాలదు, మీ సంతకమూ కావాలి. బ్రోకరు మీ దగ్గరికి రాలేదంటే అతను ఈ సంగతి చూసుకోలేదు, లేదా చూసుకుని వదిలేశాడు.

రెండోది, మీ నేల జిరాయితీనా, అంటే సొంత పట్టానా, లేక ప్రభుత్వం పంచి ఇచ్చిన డి-పట్టానా? కొండ వారన చాలావరకు డి-పట్టాలే ఉంటాయి. అలాంటి నేల చేతులు మారకుండా 1977 చట్టం ఉంది. రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల జాబితా, అదే 22ఏ జాబితాలో మీ సర్వే నంబరు ఉందేమో చూడండి. ప్రభుత్వ మీభూమి సైటులో భూమి రికార్డులు, అంటే అడంగల్, 1బి తీసుకోండి. రీసర్వే అయిన ఊరైతే కొత్త నంబరుతో చూడాలి, పాత నంబరు కొడితే ఏమీ రాదు. కాగితం ఇంగ్లీషులో ఉంటే తెలుగు ప్రతి అడగండి, రెండిట్లో తేడా వస్తే తెలుగుదే చెల్లుతుందని అందులోనే రాయించండి.

డబ్బు విషయం. పదివేలు అన్నారు. మన ప్రభుత్వమే తన భూములు ఇలాంటి ప్రాజెక్టులకి ఇచ్చేటప్పుడు ఎకరాకి ఏడాదికి 31,000 రూపాయలు, రెండేళ్ళకోసారి 5 శాతం పెంపు అని విధానంలో రాసుకుంది. ఆ లెక్కన నలభై సెంట్లకి 12,400. పెంపు లేకుండా 29 ఏళ్ళు అదే పదివేలైతే చివర్లో ఆ డబ్బుకి విలువే ఉండదు. లీజు అయిపోయాక మరని ఎవరు దించుతారు, నేలలో పోసిన కాంక్రీటుని ఎవరు తీస్తారు? మధ్యలో కంపెనీ చేతులు మారితే కొత్తవాడు ఈ మాటలకి కట్టుబడతాడా? మీ భూమిని చూపించి బ్యాంకులో అప్పు తీసుకోవడానికి ఎక్కడైనా ఒప్పుకుంటున్నారా? ఈ మూడూ ఎర్ర సిరాతో గీసుకుని చదవండి.

గ్రామసభ సంగతి అడిగారు. నిజం చెప్పాలి. పద్మనాభం షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. పాడేరు, అరకు వైపు గిరిజన గ్రామసభలకి అధికారం ఇచ్చే పీసా చట్టం, గిరిజన ప్రాంతంలో భూమి గిరిజనేతరులకి పోకుండా ఆపే వన్ ఆఫ్ సెవెంటీ చట్టం మీకు వర్తించవు. పైగా గాలిమరలకి పర్యావరణ అనుమతే అక్కర్లేదు, 2006 నోటిఫికేషన్‌లో వాటిని చేర్చలేదు. కాలుష్య నియంత్రణ బోర్డు లెక్కలో అవి తెల్ల కేటగిరీ, అంటే కాలుష్యం దాదాపు లేనివి. అందువల్ల బొగ్గు ప్లాంటుకో, ఫార్మా కంపెనీకో జరిగినట్టు కలెక్టరు ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరగదు. ఇది మీకు పెద్ద లోటు. ఎవరూ మిమ్మల్ని పిలిచి అడగరు, మీరే గుమిగూడి చెప్పాలి. గ్రామసభ తీర్మానం దానంతట అది ప్రాజెక్టుని ఆపకపోవచ్చు. కానీ మేత, గెడ్డ, అమ్మవారి చోటు, దారి అని పేరుపేరునా రాసిన తీర్మానం తర్వాత ఎక్కడికి వెళ్ళినా మీ చేతిలో ఉంటుంది. ఊరుమ్మడి భూముల గురించి 2011లో సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో గట్టిగా చెప్పింది, దాన్ని పట్టుకోవచ్చు. కొండలో కొంత రిజర్వు ఫారెస్టు ఉంటే కథ వేరు, అటవీ హక్కుల చట్టం వస్తుంది. అందుకని ముందు కొండ రికార్డులో ఏమని ఉందో కనుక్కోండి. అంతా పోరంబోకా, కొంత మందబయలా (పశువుల మందలు నిలిపే చోటు), కొంత అడవా. తాసిల్దారు ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మండల స్థాయిలో ఐదు రూపాయలు, 30 రోజుల్లో ఇవ్వాలి. తెలుగులో రాసిస్తే చాలు.

పద్మనాభం ఆడపడుచు:

గుమస్తా గారూ, మీరు రాసింది చదివి నా చేతిలో కత్తెర ఆగిపోయింది. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. పిక్కలేరడానికి వెళ్తున్నానే గానీ ఆ నేల నాది కూడా అని నేనెప్పుడూ అనుకోలేదు. నాన్న కోసం అడగడానికి వచ్చాను ఇక్కడికి.

ఆదివారం కొట్టు మూసి ఊరు వెళ్ళాను. నాన్న, నేను, పిన్ని కొడుకు కలిసి ఎర్ర రంగు రాళ్ళని పట్టుకుని నడిచాం. నాన్నకి మోకాళ్ళ నొప్పి, అయినా ఆగలేదు. రాళ్ళు మా తోట మూల నుంచి ఎక్కి, అమ్మవారి రాయికి పైనుంచి వెళ్ళి, గెడ్డని రెండు చోట్ల దాటుతున్నాయి. రెండో చోట చలమ ఉంది. ఎండాకాలంలో మేకలోళ్ళు తాగేది ఆ చలమ నీళ్ళే. రంగు రాయి సరిగ్గా దాని ఒడ్డున ఉంది. నాన్న అక్కడ కూర్చుండిపోయారు. ఫోన్‌లో కొలిచాను, కాలనీలో చివరి ఇంటికీ మొదటి మర చోటుకీ మధ్య 500 మీటర్లు లేవు, నాకు 380 దగ్గర వచ్చింది. ఫోను కొలత కదా, తప్పుండొచ్చు, సర్వేయరు చేత కొలిపించాలి.

కాగితం మా వీధి టీచరు గారి చేత చదివించాం. మ్యాపు లేదు. రోడ్డుకి ఎంత నేల అన్నది లేదు, అవసరమైనంత అని ఉంది. పెంపు లేదు. మరని దించే మాటే లేదు. కంపెనీ ఎవరికైనా బదలాయించుకోవచ్చని మాత్రం రెండు చోట్ల ఉంది.

తమ్ముడితో రాత్రి మాట్లాడాను. నా వాటా గురించి చెప్తే మొదట మొహం తిప్పుకున్నాడు. నీ డబ్బు నేనేం పట్టుకుపోనురా, సంతకం నాదీ కావాలి కాబట్టి అడిగే హక్కూ నాకుంది, అంతే అన్నాను. చలమ దగ్గర తీసిన ఫోటో చూపించాను. చిన్నప్పుడు వాడు అందులో పడితే నేనే జుట్టు పట్టి లాగాను. ఫోను చాలాసేపు చేతిలో పెట్టుకున్నాడు. మరలు వద్దనమని వాణ్ణి నేను అడగలేదు. రోడ్డు గెడ్డని వదిలి కొండకి అటువైపు నుంచి వస్తే, కాలనీకి దూరం పాటిస్తే, తూములూ పూడికా రాతలో పెడితే, మేకలోళ్ళకీ అందులో వాటా ఉంటే అప్పుడు మాట్లాడదాం అన్నాను. నాన్న దానికి ఔననలేదు, కాదనలేదు.

సోమవారం పొద్దున్న తాసిల్దారు ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాం. పద్నాలుగు మంది సంతకాలు. అందులో తొమ్మిది వేలిముద్రలు, మేకలోళ్ళవి. కొండ ఎవరి పేరున ఎలా ఉంది, గాలి స్తంభానికి ఎవరు అనుమతిచ్చారు, ఈ రెండే అడిగాం. రశీదు తీసుకున్నాను.

లైన్ ఇన్‌స్పెక్టర్ గారూ, మీ ప్రశ్నలు మా ఊరివాళ్ళకి మీ నోటితోనే చెబితే బాగుంటుందని నాన్న అంటున్నారు. వచ్చే ఆదివారం పది గంటలకి రామకోవెల దగ్గర కూర్చుంటున్నాం, రెండు వీధులవాళ్ళనీ పిలిచాం. వీలుంటే రండి, పద్మనాభంలో బస్సు దిగితే చాలు. అక్కణ్ణుంచి మా తమ్ముడు బండి మీద తీసుకొస్తాడు. వెళ్తానని వాడే అన్నాడు.

లైన్ ఇన్‌స్పెక్టర్ (విశ్రాంత):

వస్తానమ్మా. టేపు కూడా తెస్తాను, కాలనీ నుంచి కొలుద్దాం.